పంట కాలువలోకి వదిలిన నీళ్లు

పదహారేళ్లుగా ఒక మాట గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. మీరెవరో నాకు తెలీదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. గోదారి నీళ్లు మా దాకా చిన్న కాలువై వస్తాయి. చేలు తడిపేది ఆ నీళ్లే, మంచినీళ్ల చెరువు నింపుకునేదీ ఆ నీళ్లే. నూకరాజు ఆ కాలువలో వల వేసుకుని పెళ్లాం బిడ్డల్ని పోషించుకునేవాడు.

ఆ ఏడు నా రొయ్యల చెరువుకి తెగులొచ్చింది. మందు కొట్టిన నీళ్లు మురుగు కాలువలోకే పంపాలి. అది దూరం. ఇంజను పెట్టాలి, గొట్టాలు వేయాలి. పంట కాలువేమో గట్టు పక్కనే. అందరూ భోజనాలకి వెళ్లిన వేళ చూసి తూము ఎత్తేశాను.

మర్నాటికి కాలువ నిండా చేపలు చచ్చి తేలాయి. మంచినీళ్ల చెరువు వాసనేసింది. చేపల కోసం నూకరాజే మందు కలిపాడని ఎవరో అన్నారు. అన్నది నేను కాదు. కానీ కాదనలేదు. ఆ రెండూ వేరని ఎన్నేళ్లు నాకు నేను చెప్పుకున్నానో.

ఊరి పెద్దలు పిలిపించేముందు అతను మా ఇంటికొచ్చాడు. అరుగు ఎక్కలేదు.

"నిన్న మధ్యాహ్నం మీ గట్టు మీదుగానే కదండీ సంతకెళ్లాను, రాత్రికి గానీ తిరిగి రాలేదు. మీరు పలకరించారు కూడానూ. ఆ ఒక్క ముక్క పెద్దలతో చెప్పండి బాబూ."

"నేను గమనించలేదు నూకరాజూ."

"సరేనండి," అని వెళ్లిపోయాడు.

నేను పలకరించినప్పుడు నన్ను తూము దగ్గరే చూశాడు. అంతా తెలిసే వచ్చాడా? నా పరువు తియ్యకుండా తన మీద పడ్డ నింద తుడుచుకుందామనుకున్నాడా? పెద్దల ముందు కూడా నా పేరెత్తలేదు. ఎత్తినా ఎవరూ నమ్మరని తెలుసో, నేనే చెబుతానని చివరిదాకా ఎదురుచూశాడో.

కాలువలో వల వెయ్యకూడదన్నారు. నెల తిరక్కుండా కుటుంబంతో యానాం వైపు వెళ్లిపోయి, ఎవరి పడవలోనో కూలికి చేరాడు. పోయినేడు జబ్బు చేసి పోయాడని తెలిసింది. దినానికి వెళ్దామని బస్సెక్కాను. పాలకొల్లులో దిగిపోయాను.

అతని పెళ్లాం ముందు నిలబడి చెప్పే ధైర్యం ఇవాళ్టికీ లేదు. రాయడం మటుకు రాస్తున్నాను. ఆ నీళ్లు వదిలింది నేను. నూకరాజు ఏ తప్పూ చెయ్యలేదు. ఈ రెండు ముక్కలూ కాగితం మీద పడ్డాక ఊపిరి కాస్త ఆడుతోంది. అతనికి మాత్రం ఇది చాలా ఆలస్యం.