గడప పక్కన కట్టిన వేపమండ

దయ్యాల మాట ఎత్తితే మధ్యలోనే లేచిపోయే రకం నేను. అంగడి నడిపేవాడికి కంటికి కనిపించేది, తక్కెట్లో తూగేదే నిజం. ఇప్పటికీ నేను పెద్దగా మారలేదు. ఈ ఒక్క సంగతి మాత్రం నాకు అంతుపట్టలేదు. ఇందులో నా తప్పు ఉంది కాబట్టి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

స్వాతంత్ర్యం వచ్చిన కొన్నేళ్ళకు, ఎండాకాలంలో జరిగింది. ఉదయగిరి బజారులో మా ఇంటి ముందుగదే అంగడి, వెనక మా కాపురం. అమ్మ, నా భార్య, ఐదేళ్ళ కూతురు, ఏడాది దాటిన కొడుకు, నేను.

పాపకు తట్టు పోసింది. ఆ రోజుల్లో తట్టు పోసిన ఇంటి వీధి తలుపుకు వేపమండలు కట్టేవాళ్ళు. అవి కనిపిస్తే పిల్లలున్నవాళ్ళు ఆ గడప తొక్కేవాళ్ళు కాదు. అమ్మ మండలు కోసుకొచ్చి నా చేతికిచ్చింది. నేను వాటిని తీసుకుపోయి పెరటి తలుపుకు కట్టాను.

"పెరట్లోకి ఎవురొచ్చి చూస్తారురా అబ్బయా? వీధి తలుపుకు గదా కట్టాల్సింది" అంది అమ్మ.

"వీధిలో కడితే గిరాకీ అంతా ఎదురంగడికి పోతాది. అమ్మవారికి ఏ తలుపైతే ఏందిమ్మా" అన్నాను. నవ్వుతూనే అన్నాను.

ఆ వారంలోనే మాలకొండమ్మ వచ్చింది. వరికుంటపాడు దగ్గర పల్లెలో మేకలు కాసుకునే ఇంటి మనిషి. మా గడప పక్కన కింద ఒక ఇనుప కడియం ఉండేది, పశువులతో వచ్చేవాళ్ళ కోసం. ఎప్పటిలాగే తన మేకను దానికి కట్టేసి, చంకలోని పిల్లవాణ్ణి అంగట్లో కిందికి దించింది. వాడికి అప్పుడే పాకడం వచ్చింది. నేను చింతపండు తూచేలోగా లోపలి గదిలోకి పాకి, చాప మీద పడుకున్న మా పాప పక్కకు చేరాడు. ఆమె నవ్వుతూ వెళ్ళి ఎత్తుకొచ్చింది. పాప ఒంటి మీద దుప్పటి కప్పి ఉండటంతో ఆమెకు ఏమీ కనిపించలేదు. నేను చూశాను. ఏమీ అనలేదు.

పోయేముందు, పిల్లవాడి మొలతాడుకు కట్టడానికి చిల్లు కానీ ఒకటి ఇవ్వమంది. నడుమ చిల్లున్న రాగి కానీలు అప్పట్లో చెలామణీలో ఉండేవి. అంచు విరిగి ఎవరూ తీసుకోని కానీ ఒకటి గల్లాపెట్టెలో పడి ఉంటే అది ఇచ్చాను. మేక వెంట్రుకలతో పేనిన నల్లటి మొలతాడుకు దాన్ని అక్కడే ఎక్కించి ముడేసింది.

"పెద్దోడైనాక నీ అంగడికే వస్తాడులే సెట్టీ" అంది.

పాపకు తగ్గింది. తర్వాత కొడుకుకు పోసింది. మండలు మళ్ళీ పెరటి తలుపుకే కట్టాను. వాడికి పొక్కులు మాడుతున్నా జ్వరం దిగలేదు. ఊపిరి కుక్కపిల్లలా ఎగబీల్చేవాడు. ఆత్మకూరు ఆసుపత్రికి తీసుకుపోదామని నా భార్య ఏడ్చింది. అమ్మవారు ఒంటి మీద ఉండగా సూది పొడిపించకూడదంది అమ్మ. అంగడి మూయడం ఇష్టం లేని నాకు అమ్మ మాట కలిసొచ్చింది.

మర్నాడు పొద్దున అంగడి తలుపు పలకలు తీస్తుంటే గడప పక్కన కడియానికి వేపమండ కట్టి ఉంది. ఆకు పచ్చగా, వాడకుండా ఉంది. అమ్మ పనేనని కేకలేశాను. ఆమె వచ్చి చూసింది.

"నా మోకాళ్ళకు వంగేదానికే గాదే. ఇంత కింద ఎవురు కడతారురా?" అంది.

నిజమే. పాకే బిడ్డ చేయి అందేంత ఎత్తులో ఉంది ముడి. విప్పి చూస్తే అది మేక వెంట్రుకల మొలతాడు. దానికి అంచు విరిగిన చిల్లు కానీ.

దాన్ని గల్లాపెట్టెలో పడేశాను. పెరటి మండలు తెచ్చి వీధి తలుపుకు కట్టి, అంగడి మూసేసి, కొడుకును భుజాన వేసుకుని ఆత్మకూరు బస్సెక్కాను. అమ్మ అడ్డు చెప్పలేదు.

డాక్టరు చొక్కా ఎత్తి చూశాడు. "తట్టుకు మందు లేదయ్యా. దాని వెనకాల వచ్చే నిమ్ముకు ఉంది. ఊపిరి తీస్తుంటే డొక్కలు ఇట్లా లోపలికి పోతున్నాయి చూడు. ఇది కనిపిస్తే ఒక్క పూట కూడా ఇంట్లో పెట్టుకోకూడదు" అన్నాడు. పెన్సిలిన్ సూదులు మొదలుపెట్టాడు. ఇంట్లో తట్టు ఉండగా వేరే పిల్లలెవరైనా వచ్చారా అని అడిగాడు. రాలేదని చెప్పాను.

నా కొడుకు బతికాడు.

వానలు పడ్డాక మాలకొండమ్మ వచ్చింది. మేకను కడియానికి కట్టింది. చంక ఖాళీగా ఉంది. పిల్లవాడేడని అడగక తప్పలేదు.

"తట్టు పోసి పోయినాడు సెట్టీ. యాడ తగులుకున్నాదో ఏమో" అంది. నేను బస్సెక్కిన రోజుకు ముందురోజే వాణ్ణి పూడ్చారని ఆమె మాటల్లో తెలిసింది.

మొలతాడు తీశారా అని అడిగాను. ఆ ప్రశ్న ఎందుకని ఆమె అనుకోలేదు.

"లేదు. చేత్తో పట్టుకోని ఉన్నాడు, ఇడిపించబుద్ధి కాలా. అట్నే మట్టి కప్పినాము."

ఆ మొలతాడు మా ఇద్దరి మధ్య ఉన్న గల్లాపెట్టెలోనే ఉంది. తీసి చూపించలేదు. నిజం చెప్పలేదు. ఆ రోజు బెల్లం మాత్రం తక్కెడ ఆమె వైపు మొగ్గేలా తూచాను. నా చేత అయింది అంతే.

ఆమె ఇప్పుడు లేదు. తట్టుకు టీకా వచ్చింది, మనవలందరికీ దగ్గరుండి వేయించాను. నేను ఆ రోజు భుజాన మోసుకుపోయిన కొడుకే ఇప్పుడు అంగడి చూస్తున్నాడు. పొద్దున పలకలు తీసే పని మాత్రం నేను వాడికి ఇవ్వలేదు. తీస్తూనే ముందు గడప కిందికి చూస్తాను.

పెద్దవాడయ్యాక నీ అంగడికే వస్తాడని ఆమె అంది. పెద్దవాడు కాకముందే వాడెలా వచ్చాడో నాకు తెలియదు. ఇంట్లో తట్టుందని నా నోటి నుంచి రావలసిన మాట వాడి తల్లికి అందలేదు. అయినా వాడు నా బిడ్డ కోసం ఎందుకొచ్చాడో అంతకన్నా తెలియదు.