డడ్లీ యాస తెలిసిన నర్సు

2023 నవంబరు. ఎడ్మంటన్‌లో ఒక పెద్ద ఆస్పత్రి, నాలుగో అంతస్తు, ఎముకల వార్డు. మోకాళ్లు, తుంటి కీళ్లు మార్పించుకున్నవాళ్లు మా దగ్గర రెండు మూడు రోజులుండి, వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేయడం వచ్చాక ఇళ్లకు వెళ్లిపోతారు. ప్రాణం మీదకు వచ్చే కేసులు అరుదు. నర్సుగా నాకది పంతొమ్మిదో ఏడు. ఆ నవంబరులో నేను చేసిన తప్పు ఒకటి ఇక్కడ రాస్తున్నాను. తప్పులు రాయడానికి మా వృత్తిలో ఒక ఫారం ఉంటుంది. అందులో అప్పుడే రాసేశాను గానీ, ఫారంలో గడులు చిన్నవి.

కెనడా రాకముందు నాలుగేళ్లు ఇంగ్లండ్‌లో పనిచేశాను. బర్మింగ్‌హామ్ పక్కన డడ్లీ అనే ఊరు. ఒకప్పుడు బొగ్గు గనులు, ఇనుము కరిగించే కొలుములు ఉన్న ప్రాంతం. ఆ చుట్టుపక్కల ఊళ్లన్నిటినీ కలిపి బ్లాక్ కంట్రీ అంటారు. హైదరాబాద్‌లో కోచింగ్ తీసుకుని, ఇంగ్లీషు పరీక్షలో మంచి స్కోరు తెచ్చుకుని విమానమెక్కిన మనిషినే గానీ, మొదటి నెలంతా నాకు అక్కడి ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ఒక ముసలమ్మ ఏదో అడిగితే బెడ్‌పాన్ కాబోలని పరిగెత్తుకెళ్లి తెచ్చాను. ఆవిడ అడిగింది కిటికీ మూయమని. ఆరు నెలలకు చెవి అలవాటు పడింది. ఏడాది తిరిగేసరికి నా నోట కూడా ఆ సాగదీత వచ్చేసింది.

ఇంగ్లీషువాళ్లు ఒకరి యాసను ఒకరు ఎంత చులకనగా చూసుకుంటారో కూడా అక్కడే తెలిసింది. లండన్ వైపు నుంచి వచ్చిన డాక్టర్లు డడ్లీ మాటను అనుకరిస్తూ క్యాంటీన్‌లో పడి పడి నవ్వేవారు. ఆ మాట వింటే చాలు, మనిషి మందబుద్ధి అనిపిస్తుందని ఒకాయన నాతోనే అన్నాడు. నేను శ్రీకాకుళం జిల్లా పిల్లను. విజయవాడ నర్సింగ్ కాలేజీ హాస్టల్లో అమ్మాయిలు నన్ను మధ్యలో కూర్చోబెట్టి, "పద్మా, ఒక్కసారి 'ఏటి' అనవే" అని అడిగి మరీ నవ్వేవారు. అంచేత డడ్లీవాళ్లంటే నాకు మొదటినుంచీ పక్షపాతమే.

ఆ నవంబరులో మా వార్డుకు రాన్ గారు వచ్చారు. డెబ్భై నాలుగేళ్లు. డడ్లీలో పుట్టి, ముప్ఫయ్యేళ్ల కిందట భార్య బెరిల్‌తో ఎడ్మంటన్ వచ్చి, ఆయిల్ కంపెనీల పైపులకు వాల్వులు డిజైన్ చేసిన ఇంజనీరు. ఎడమ మోకాలు మార్చారు. ఆపరేషన్ అయిన సాయంత్రం మందులిస్తూ, "డడ్లీయేనా మీది?" అన్నాను. ఆయన మంచం మీంచి లేచినంత పని చేశాడు. రాన్ గారి మాటలు తెలుగులో పెట్టాలంటే నాకు మా ఊరి మాటలోనే వస్తాయి, మరో దారి లేదు.

"డడ్లీయేనమ్మా! నీకెలగ తెలిసిపోనాది? ముప్పయ్యేళ్ల నుంచి ఈ ఊర్లో ఉన్నాను, ఒక్కుడూ కనిపెట్టనేదు. ఐరిషోడివా అంటారు, ఆస్ట్రేలియావోడివా అంటారు. తాగీసొచ్చినావా అని కూడా అడిగినాడొకడు!"

ఆ గదిలో రెండో మంచం జెఫ్రీ గారిది. ఆయనది దక్షిణ ఇంగ్లండ్, రేడియోలో వార్తలు చదివేవాళ్ల మాట. ఆయన ఏ యూనివర్సిటీలోనో ప్రొఫెసరై ఉంటాడని మా వాళ్లంతా అనేసుకున్నారు. ఆయన నోరు విప్పితే చేతిలో పని ఆపి నిలబడేవారు. జీవితమంతా కార్పెట్లు అమ్మానని ఆయనే నాతో చెప్పాడు. రాన్ గారి గురించి మాత్రం ఒక నర్సు హ్యాండోవర్‌లో, అంటే షిఫ్టు మారేటప్పుడు పేషెంట్ల సంగతులు అప్పజెప్పే వేళ, "మంచివాడే పాపం, బుర్రే కాస్త తక్కువ" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన ఇంజనీరని అక్కడికక్కడే చెప్పాను. అవునా అని నవ్వేసి, తర్వాతి పేషెంటు దగ్గరకు వెళ్లిపోయింది.

ఆ కోపంలోనే రాన్ గారి బేస్‌లైన్ నింపాను. పేషెంటు మామూలుగా ఎలా ఉంటాడో రాసిపెట్టుకునేదాన్ని బేస్‌లైన్ అంటారు. తర్వాత మనిషిలో తేడా వస్తే దాంతో పోల్చి చూస్తారు. మాట అన్నచోట నేను రాసింది ఇది: బలమైన ప్రాంతీయ యాస, ఆయనకు మామూలే, అర్థం కాకపోతే పద్మను అడగండి. అదే సంగతి మంచం పక్కన తెల్లబోర్డు మీద కూడా రాసి, నా పేరు కింద గీత గీశాను.

అప్పటినుంచి వార్డుకంతటికీ నేనే దుబాసీని. ఫిజియోథెరపీ అమ్మాయి పిలిచేది, భోజనం ట్రే తెచ్చే అతను పిలిచేవాడు. వెళ్లి ఆయన మాట విని, వాళ్లకు చెప్పి వచ్చేదాన్ని. గర్వంగా ఉండేది, దాచుకోవడమెందుకు.

ఆపరేషన్ అయిన మూడో రోజు ఉదయం ఏడున్నరకు నేనే ఆయన్ను పలకరించాను. "ఏటమ్మా, బేగొచ్చీసినావు! రేతిరంతా మోకాలు పీకీసింది. ఇంటికెప్పుడు పంపిస్తారో కనుక్కో" అన్నాడు. రేపు పంపిస్తారేమో, డాక్టర్ని అడుగుతానని చెప్పి పక్క గదికి వెళ్లాను.

తొమ్మిదింటికి స్వప్న వచ్చింది. స్వప్న కూడా మా వార్డు నర్సే. కరీంనగర్ అమ్మాయి, గల్ఫ్‌లో ఎనిమిదేళ్లు చేసి వచ్చింది. డ్యూటీలో ఇద్దరమే ఉన్నప్పుడు తెలుగులోనే మాట్లాడుకుంటాం. ఆ రోజు రాన్ గారు ఆమె పేషెంటు.

"అక్కా, రాన్ సార్ ఇయ్యాల ఏం మాట్లాడుతున్నడో ఒక్క ముక్క సమజైతలేదు."

"నీకెప్పుడు సమజైంది తల్లీ?" అని ఎగతాళి చేశాను.

"గట్ల కాదక్కా. నిన్న సగమన్న తెలిసింది. ఇయ్యాల ఏందో ముద్దముద్దగ ఉన్నది. జర వచ్చి చూడరాదు."

మందుల ట్రాలీ గుమ్మంలో ఆపి, అక్కడినుంచే పలకరించాను. ఆయన ముఖం కిటికీ వైపు ఉంది. నా గొంతు విని ఏదో చెప్పాడు, చాలాసేపే చెప్పాడు. టేబుల్ మీద టీ కప్పు ముట్టకుండా అలాగే ఉంది. చేత్తో కప్పు వైపు చూపించాడు. మాట సాగుతోంది. అయితే డడ్లీ మాట ఎప్పుడూ సాగుతూనే ఉంటుంది కదా అనుకున్నాను.

"టీ చల్లారిపోయిందంటున్నాడు" అన్నాను స్వప్నతో. "ఆయన యాసే అంత. రాత్రి నిద్ర కూడా లేదట. వేడి టీ పట్టుకురా."

"ఏమో అక్కా, నాకైతే మంచిగనిపిస్తలేదు."

"బోర్డు మీద రాశాను కదా స్వప్నా" అన్నాను కొంచెం విసుగ్గానే. స్వప్న చల్లారిన కప్పు తీసుకుని వెళ్లింది. నాకన్నా చిన్నది, అక్కా అని పిలిచే మనిషి, పైగా ఆ యాసకు వార్డులో నన్ను మించిన పెద్ద లేదు. వేడి టీ తెచ్చి పెట్టింది. అది కూడా ఆయన తాగలేదు. తాగి ఉంటే గొంతులో దిగక ఊపిరితిత్తుల్లోకి పోయి ఉండేదేమో.

పదికి పది నిమిషాలుండగా బెరిల్ గారు వచ్చారు. కోటు మీద మంచు కూడా దులుపుకోకుండా భర్త దగ్గరకు వెళ్లి, అర నిమిషంలో మా డెస్క్ దగ్గరకు వచ్చేశారు. ఆవిడదీ డడ్లీయే.

"మాయన మంచంలో ఎవుల్ని తొంగోబెట్టినారమ్మా?" అన్నారు. "ఆ మాట మాయన్ది కాదు. నలబై ఎనిమిదేళ్లు ఇన్నాను నాను ఆ మాట."

లేచి పరిగెత్తాను. ఈసారి మంచం అటువైపుకు, ముఖం ఎదుటికి వెళ్లాను. నవ్వమంటే పెదవి కుడివైపు కదల్లేదు. రెండు చేతులూ ఎత్తమంటే కుడి చెయ్యి సగంలోనే దిగిపోయింది. మెదడుకు రక్తం ఆగినప్పుడు కనిపించే లక్షణాలివి. గోడమీద మీట నొక్కి కోడ్ స్ట్రోక్ పిలిచాను. పక్షవాతం అనుమానం వస్తే ఆస్పత్రిలో ప్రత్యేక బృందాన్ని పిలిచే కేక అది. నాలుగు నిమిషాల్లో వాళ్లు గదిలో ఉన్నారు.

అలాంటప్పుడు డాక్టర్ మొదట అడిగే ప్రశ్న, మనిషి చివరిసారి మామూలుగా ఎప్పుడున్నాడని. ఏ వైద్యం చేయొచ్చో ఆ టైమును బట్టే తేలుతుంది. "ఏడున్నరకు" అన్నాను. అప్పుడు ఆయన అన్న ప్రతి మాటా నాకు గుర్తుంది, అందులో అనుమానం లేదు.

"ఆ తర్వాత తేడా ఎవరైనా గమనించారా?"

స్వప్న నా వైపు చూసింది. నేనూ ఊరుకుంటే బెరిల్ గారు వచ్చినప్పుడే తెలిసిందని రాసుకునేవాళ్లు. ఆ క్షణంలో ఆ ఆలోచన రాలేదని చెబితే అబద్ధం.

"తొమ్మిదింటికి స్వప్న గమనించింది. నన్ను పిలిచి చూపించింది. యాస అని చెప్పి నేనే కొట్టిపారేశాను."

డాక్టర్ తలెత్తకుండా తొమ్మిది అని రాసుకుని, మంచం స్కానింగ్‌కు తొయ్యమన్నాడు. బెరిల్ గారు మాత్రం నన్ను చూశారు. ఏమైనా అంటే బాగుండుననిపించింది.

ఆపరేషన్ అయి మూడు రోజులే కాబట్టి రక్తపు గడ్డను కరిగించే మందు ఇవ్వలేదు. తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నని గొట్టం మెదడు దాకా పంపి గడ్డను లాగేశారు. బతికాడు. చెయ్యి చాలావరకు తిరిగి వచ్చింది. మాట మాత్రం దెబ్బతింది. ఆ యాభై నిమిషాలు ముందే పిలిచి ఉంటే ఎంత మిగిలేదని న్యూరాలజీ డాక్టర్ని అడిగాను. "ఎవరూ చెప్పలేరు" అన్నాడు. ఆ జవాబుతోనే ఇప్పటికీ కాలం గడుపుతున్నాను.

ఫారం నింపాను. ఫలితంగా మేనేజరు నన్ను ఒక ఆన్‌లైన్ శిక్షణకు పంపింది: వేరే యాసలను గౌరవించడం ఎలా అన్నది దాని విషయం. కూర్చుని, చివర ప్రశ్నలన్నిటికీ సరైన జవాబులిచ్చి సర్టిఫికెట్టు తీసుకున్నాను. మా వార్డులో డడ్లీ యాసను నాకన్నా గౌరవించిన మనిషి లేదని వాళ్లకు ఎలా చెప్పను? ఆ గౌరవంతోనే ఆయన్ను చూడటం మానేశాను. సగం మాత్రమే అర్థమయ్యే స్వప్న ఆ సగం కోసం ప్రతిసారీ దగ్గరకెళ్లి, ముఖం చూస్తూ, చెవి పెట్టి వినేది. నేను గుమ్మంలోంచే వినేసేదాన్ని.

మూడు వారాల తర్వాత, జబ్బు నుంచి కోలుకునేవాళ్లను ఉంచే రిహాబ్ వార్డు నుంచి స్పీచ్ థెరపిస్టు ఫోన్ చేసింది. మాట మళ్లీ నేర్పే నిపుణురాలు. "ఆయన మాటలో ఏది స్ట్రోక్ వల్ల వచ్చిందో, ఏది యాసో నాకు తేలడం లేదు. మీకు ఆ యాస తెలుసట కదా, వచ్చి కాస్త చెప్పగలరా?" అని అడిగింది.

"నన్నడగకండి. బెరిల్ గారిని అడగండి" అన్నాను.

బెరిల్ గారు ఫోన్‌లో ఒక వీడియో తెచ్చారట. పక్కింటాయన మంచు తీసే మెషీన్‌తో తమ వాకిట్లోకి మంచు ఎగజిమ్ముతుంటే రాన్ గారు రెండు నిమిషాలు దండకం చదివిన వీడియో. థెరపిస్టు దాన్నే కొలతగా పెట్టుకుంది. రేడియో ఇంగ్లీషు నేర్పబోకమ్మా, ఈ తిట్లు తిరిగొస్తే చాలని బెరిల్ గారు చెప్పారట.

ఆయన ఇంటికి వెళ్లే ముందు రోజు డ్యూటీ అయ్యాక స్వప్నతో కలిసి రిహాబ్ వార్డుకు వెళ్లాను. కుర్చీలో కూర్చుని ఉన్నాడు. స్వప్నను చూసి ముఖం విప్పారింది. ఆమె చెయ్యి పట్టుకుని, "ఈ గుంటే కదా కనిపెట్టినాది" అన్నాడు. అంతకుముందే బెరిల్ గారు ఆయనకు అంతా చెప్పినట్టున్నారు. నేను ఎదురుగా కూర్చుని, ఆ రోజు తప్పు నాదేనని, క్షమించమని అడిగాను. టీ చల్లారిందని చెబుతున్నారనుకున్నానని కూడా చెప్పాను.

ఆయన చాలాసేపు మాట కూడగట్టుకున్నాడు. ఒక్కో మాటా ఆగి ఆగి వచ్చింది.

"టీ గురించి కాదమ్మా. కప్పు... సేతికి రానేదు. అదే సెప్తన్నాను. బయమేసింది." మళ్లీ ఆగాడు. "నీ గొంతు ఇనగానే బయం పోనాది. పద్మొచ్చింది, పద్మకి తెలిసిపోద్ది అనుకున్నాను. నువ్వు టీ మార్పించీసి ఎల్లిపోనావు."

కోపంగా అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు, అంతే. నాకు ఏడుపు ఆగలేదు. స్వప్న నా వీపు మీద చెయ్యి వేసింది.

ఇప్పుడు మా వార్డులో బేస్‌లైన్ నింపేటప్పుడు మాట అన్నచోట నా పేరు రాయను. ఇంటివాళ్లు ఎవరుంటే వాళ్లను కూర్చోబెట్టి, ఈయన మాట ఎప్పుడూ ఇలాగే ఉంటుందా అని అడిగి, వాళ్లు చెప్పింది రాస్తాను, వాళ్ల ఫోన్ నంబరుతో సహా. ఎవరైనా వచ్చి ఇవాళ ఈయన మాట వేరుగా ఉందంటే, ఏ ఊరివాడని అడగను. ఆ రోజు గుమ్మం నుంచి రాన్ గారి మంచానికి నాలుగడుగులు. ఇప్పుడు ముందు ఆ నాలుగడుగులు వేస్తాను.