తనిఖీకి ముందు రోజు

రహమత్ నగర్‌లో నాకు చొక్కాలు కుట్టించే కార్ఖానా ఉండేది. ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీ తన ఉద్యోగుల కోసం పెద్ద ఆర్డరు ఇస్తానంది. అయితే పత్తి పండించినవాళ్లకూ, బట్ట కుట్టినవాళ్లకూ అన్యాయం జరగలేదని చెప్పే ఫెయిర్ ట్రేడ్ సర్టిఫికెట్ ఉండాలంది. ఆర్డరు పోతే కార్ఖానా మూతపడేది. ఆ సర్టిఫికెట్ కోసం మర్నాడే తనిఖీ. నేనేమో కుట్టే ఆడవాళ్లను బాగా పొద్దుపోయినా ఇంటికి పంపేవాణ్ణి కాదు.

ఫిల్మ్ నగర్‌లో బస్సెక్కి, తనిఖీలో చెప్పాల్సిన మాట గొణుక్కుంటున్నాను.

"మా దగ్గర ఆరు దాటితే ఎవరూ పనిచెయ్యరండీ."

మొహాన షూటింగ్ మేకప్ సగం అలాగే ఉన్న ఓ పెద్దాయన, పక్క సీటులోంచి నా వైపు తిరిగాడు.

"ఏం డైలాగ్ తమ్మీ? విలన్ వేషమా?"

"అవునండీ" అన్నాను.

"కింద చూస్కుంట చెప్తే ఎవడు నమ్ముతడు? నా కండ్లల్ల చూసి చెప్పు. జర నవ్వు గూడ."

చెప్పాను. "గట్ల కాదు, మళ్ల చెప్పు" అన్నాడు. తను దిగాల్సిన చెక్‌పోస్టు స్టాపు వచ్చేదాకా చెప్పిస్తూనే ఉన్నాడు. దిగబోతూ భుజం తట్టాడు.

"ఇగ ఫికర్ లేదు. నేనే నమ్మిన."

మర్నాడు తనిఖీకి వచ్చినావిడ కళ్లలోకి చూసి, కొంచెం నవ్వుతూ చెప్పాను. వెనక కుట్టుమిషన్లు ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలాయి. ఆవిడ నమ్మింది. సర్టిఫికెట్ వచ్చింది.

మరుసటి ఏడాది తనిఖీలో అదే మాట చెప్పడానికి నాకు సాధన అవసరం లేకపోయింది.