పూతలపట్టులో దిగిన గోదావరి మనిషి

నాకు చదివిపెట్టడానికి వచ్చేవాళ్లకు మొదటిరోజే ఒక మాట చెప్పేస్తాను. ఉన్నది ఉన్నట్టు చదవండి, మీ సొంతంగా ఒక్క ముక్క కలపొద్దు, నా మీద జాలిపడి ఒక్క ముక్క తగ్గించొద్దు. నాలుగేళ్ల వయసులో జ్వరం వచ్చి నాకు చూపు పోయింది. అప్పటినుంచి అందరూ నాకు అన్నీ తగ్గించే చెబుతున్నారు. మా నాయన చనిపోయిన సంగతి కూడా ఊరంతటికీ తెలిశాక నాకు చెప్పారు. అందుకే ఈ షరతు. దానికి బెదిరి కొందరు రెండోవారం రాలేదు. పోతే పోయారు అనుకున్నాను.

నేను పూతలపట్టు అవతల ఒక ప్రభుత్వ బడిలో సోషల్ చెబుతాను. ఆదివారం పొద్దున్నే బస్సెక్కి తిరుపతి గ్రంథాలయానికి వెళతాను. అక్కడ చూపులేనివాళ్ల విభాగమంటే రెండు బీరువాలు, ఒక బల్ల, ఒక మాట్లాడే కంప్యూటరు. బ్రెయిలీలో ఒక్క నవల నాలుగు లావుపాటి సంపుటాలవుతుంది. వాటిని నిలబెట్టి ఉంచాలి. పడుకోబెట్టి పైన బరువు పెడితే చుక్కలు అణిగిపోతాయి, ఆపైన వేలికి ఏమీ తగలదు. అక్కడి అటెండరు ప్రతి నెలా వాటిని పడుకోబెట్టి పైన పాత పేపర్ల కట్టలు పెడతాడు. ప్రతి నెలా నేను అరుస్తాను. ఇక కంప్యూటరు బాగున్న రోజున తెలుగును నిన్ననే బదిలీ మీద వచ్చిన ఉత్తరాది ఆఫీసరులా చదువుతుంది. కొత్త పుస్తకాలు ఫోనులో వినొచ్చు కానీ, పాత నవలలు ఫొటోలు తీసి పెట్టినవి. పేజీ తెరిస్తే ఫోను "చిత్రం" అని ఊరుకుంటుంది. వాటికి మనిషి గొంతే దిక్కు.

ఆ గొంతు నాకు ఒక దర్జీ దగ్గర దొరికింది. అరవై దాటిన మనిషి. జాకెట్లు కుట్టే కొట్టు కొడుకు చేతికిచ్చి, రోజూ పేపర్లు చదువుకోవడానికి వచ్చేవాడు. ఒక ఆదివారం నేను అటెండరుతో తగువు పడుతుంటే పక్కనుంచి అందుకున్నాడు. "సదివేదానికి మనిషే కదా కావాల్సింది. నేను సదువుతాలే టీచరమ్మా. నాకు మాత్రం ఏం పనుండాది?"

నా షరతు చెప్పాను. నవ్వాడు. "దర్జీవాణ్ణి. కొలతకు అంగుళం ఎక్కువ పెట్టను, తక్కువ పెట్టను."

ఆయన్ని అందరూ భాయ్ అనేవాళ్లు, నేనూ అదే అన్నాను. ఇంట్లో ఉర్దూ, బజారులో చిత్తూరు తెలుగు, పుస్తకం పట్టుకుంటే మాత్రం అక్షరం పొల్లుపోకుండా అందులోని తెలుగు. రెండేళ్లలో ఆరు నవలలు అయ్యాయి. ఏడోది గోదావరి ఒడ్డున లాంచీ నడిపే మనిషి కథ. ఉగాది ఇంకా రాలేదు, అప్పుడే మొదలుపెట్టాం.

అప్పుడే భాయ్ గొంతు మారింది. నా వైపు రావాల్సిన గొంతు కాగితానికి తగిలి అక్కడే ఆగిపోతోంది. పుస్తకాన్ని ముఖానికి ఆనించుకుంటే అట్లా అవుతుంది. తర్వాత ఫ్యాను కింది కుర్చీ వదిలి కిటికీ పక్కకు మారాడు. గాలి కోసమన్నాడు. ఆపైన మెట్ల మీద ఆయన చెప్పులు అంచును తడుముకుంటూ దిగడం విన్నాను. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. నేనూ అట్లాగే దిగుతాను.

అయినా నేను అడగలేదు. నా కళ్ల గురించి బస్సులో పక్క సీటువాళ్లు మొదలుకొని అందరూ అడుగుతారు కాబట్టి, నేను ఎవరి కళ్ల గురించీ అడగకూడదని ఒక నియమం పెట్టుకున్నాను. వినడానికి గొప్పగా ఉంటుంది. అసలు సంగతి వేరు. అడిగితే నా ఆదివారాలు పోతాయి. నేను చదివిన హాస్టల్లో పెద్దయ్యాక చూపు పోగొట్టుకుని వచ్చినవాళ్లు కొందరుండేవాళ్లు. వాళ్లలో చాలామంది కథల్లో ఒకే మాట వినపడేది: ఇంకొన్ని నెలల ముందు డాక్టరు దగ్గరికి పోయుంటే. ఆ మాట నాకు కంఠతా వచ్చు. వచ్చి కూడా నోరు మూసుకుని కథ విన్నాను.

ఎండాకాలం వచ్చేసరికి లాంచీ మనిషి ఒకరోజు రాగిసంగటి తిన్నాడు. సరే, గోదావరి ఒడ్డున కూడా ఎవరో ఒకరు వండి ఉంటారులే అనుకున్నాను. మరుసటి వారం లాంచీ మనిషి తన మేనల్లుడిని చూడటానికి బస్సెక్కి పూతలపట్టు కూడలిలో దిగాడు. టీలో చక్కెర తక్కువైందని కొట్టువాడితో పేచీ పెట్టుకున్నాడు. ఆ కూడలిలో నేను రోజూ బస్సు మారతాను. ఆ పేచీ సంగతీ నాకు తెలుసు, అది పెట్టుకున్నది తనేనని రెండు వారాల ముందు భాయే నాకు చెప్పాడు. నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను. నవ్వు ఆగాక తెలిసొచ్చింది, ఆయనకు అక్షరం కనపడటం లేదు. భాయ్ మాత్రం చదువుతున్నట్టే పేజీలు తిప్పుతూ పోతున్నాడు.

ఆ కథ బాగుంది. దాచడమెందుకు, వానలు మొదలయ్యేదాకా ప్రతి ఆదివారం దానికోసమే ఎదురుచూశాను. ఎవరూ రాయని ఆ నవలకు నేనొక్కదాన్నే పాఠకురాలిని. నా షరతు ఏమైందని నన్ను నేను అడగలేదు.

ఒక వానరోజు అటెండరు బీరువా సర్ది పుస్తకాల చోట్లు మార్చాడు. భాయ్ ఎప్పుడూ తీసే అరనే చేత్తో తడిమి, ఎప్పటి లావు పుస్తకం తెచ్చుకుని, ఎప్పటిలాగే మొదలుపెట్టాడు. లాంచీ మనిషి మేనల్లుడికి జ్వరమొచ్చింది. అటెండరు అటుగా పోతూ ఆగాడు.

"ఏం భాయ్, టీచరమ్మకు వంకాయ సాగు సదివి వినిపిస్తా ఉండావా?"

పేపర్లు చదువుకునేవాళ్లంతా నవ్వారు. వాడిది వట్టి వేళాకోళమే, చెడ్డ బుద్ధి కాదు. భాయ్ పుస్తకం మూశాడు. కుర్చీ వెనక్కి జరిగింది.

"కూర్చోండి" అన్నాను. "రేపు సెలవు పెడతాను. కంటి ఆస్పత్రికి పోదాం."

"నాకేమైందని?"

మూసిన పుస్తకం అట్ట మీద వేలితో తట్టాను. ఆయన గొంతు తగ్గించి అన్నాడు. "ఇంట్లో తెలిస్తే మిషను మీద సెయ్యి పెట్టనీరు టీచరమ్మా. ఇప్పటికే కుట్టు వంకర పోతా ఉండాదని నా కొడుకు సగం పని తీసేసుకున్నాడు. ఇంక గడప దాటనీరు. మూలన కూసోబెట్టి అన్నం పెడతారు."

"నన్ను మాత్రం ఎవరు దాటనిచ్చారు? పోదాం పదండి."

మరుసటిరోజు ఆస్పత్రి ముందు రోడ్డు దాటాల్సి వచ్చినప్పుడు, ఎవరు ఎవరి చెయ్యి పట్టుకోవాలో తేలక కాసేపు నిలబడ్డాం. చివరికి ఆయన నా మోచెయ్యి పట్టుకున్నాడు, నా కర్ర ముందు నడిచింది.

నీటికాసులు అన్నారు. కంటిలో ఒత్తిడి పెరిగి, నొప్పి లేకుండానే నరాన్ని తినేసే జబ్బు. ఒక కంట్లో చూపు దాదాపు పోయింది, రెండోదాంట్లో మధ్యన కొంచెం మిగిలింది. పోయింది రాదు, చుక్కలు మానకుండా వేసుకుంటే ఉన్నది నిలవొచ్చు. డాక్టరమ్మ ఆ మాట కూడా అంది. ఇంకొన్ని నెలల ముందు వచ్చి ఉంటే.

బయట బెంచీ మీద కూర్చున్నాం. మందుల చీటీ ఆయన చేతిలో మడతలు పడుతున్న చప్పుడు.

"నీకు ఎప్పుడు తెలిసింది టీచరమ్మా?"

నిన్ననే అనొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. "ఉగాదికి ముందే" అన్నాను.

"మరి సెప్పలేదే?"

"చెబితే మీరు చదవడం మానేస్తారని."

ఆయన చీటీని ఇంకో మడత పెట్టాడు. కోపం తెచ్చుకుంటే బాగుండేది. "నాకు దానికి ముందే తెలుసులే" అన్నాడు. "సెప్తే నువ్వు రావడం మానేస్తావని నేనూ సెప్పలే."

ఆ మాటతో నా తప్పు సగమైపోలేదు. ఆలస్యమైతే ఏమవుతుందో ఆయనకు తెలీదు, నాకు తెలుసు. ఇది తలచుకున్నప్పుడల్లా నా మీద నాకు అసహ్యం వేస్తుంది, ఇప్పటికీ.

భాయ్ ఆదివారాలు మానలేదు. కొడుకు ఊరుకోక మొదట్లో వెంట వచ్చి దింపేవాడు, ఇప్పుడు భాయ్ కర్ర పట్టుకుని ఒక్కడే వస్తున్నాడు. చుక్కల వేళకు నా ఫోను అరుస్తుంది, ఆయన వేసుకుంటాడు. లాంచీ మనిషి సంగతి ఇద్దరం ఎత్తం. బీరువాలోని బ్రెయిలీ నవల తీసి నేనే చదువుతున్నాను. నా చదువు నత్తనడక అని ఆయన దెప్పుతాడు.

పోయిన వారం మూడో సంపుటం మధ్యలో నా వేలు ఆగిపోయింది. పేపర్ల కట్టల కింద నలిగిన పేజీ. ఒక వరస మొత్తం నున్నగా ఉంది. ముందేముందో వెనకేముందో తెలుసు కాబట్టి అక్కడ ఏముండాలో ఊహించగలను. కలిపి చదివేస్తే ఆయనకు తెలియదు కూడా.

"ఏం, ఆపేసినావు?"

"చుక్కలు అణిగిపోయాయి భాయ్. ఇక్కడ ఒక వరస పోయింది."

"పోయిందని సెప్పినావు కదా" అన్నాడు. "సాలు. ఆ కింద ఉండేది సదువు."