అక్కని మాటలతో ఆపాలనుకున్న సాయంత్రం

నా చిన్నప్పుడు మేం అమెరికాలో, ఇర్వింగ్ అనే ఊళ్ళో, హైవే హోరు గోడలు దాటి వినిపించే ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. అమ్మానాన్నలు ఆఫీసుల నుంచి వచ్చేదాకా నన్ను పక్కింటి అక్క చూసుకునేది. వరంగల్ నుంచి ఎమ్మెస్ చేయడానికి వచ్చిన అమ్మాయి. స్కూల్ బస్సు దగ్గరికి వచ్చి నన్ను తీసుకెళ్ళేది, ఉప్మా చేసి పెట్టేది, నా హోంవర్క్‌లో తప్పులు చూసి నవ్వేది. చదువు అయిపోయినా ఆమెకి ఉద్యోగం రాలేదు, వీసా గడువేమో దగ్గర పడుతోంది. ఎందరో ఉన్న ఉద్యోగాలే పోగొట్టుకుంటున్న రోజులవి.

ఆ ఏడాది నేను స్కూల్లో డిబేట్ క్లబ్‌లో చేరాను. అఫ్గానిస్తాన్‌కి ఇంకా సైన్యాన్ని పంపాలా, లేక శత్రువుతో కూర్చుని మాట్లాడాలా అన్నది మా విషయం. నాణెం ఎగరేస్తే నాకు సైన్యం పక్షం వచ్చింది. రోజూ సాయంత్రం మైక్రోవేవ్ టైమర్‌ని మూడు నిమిషాలకి పెట్టి, అది కూత పెట్టేదాకా అక్క ముందు ఊపిరి తిప్పుకోకుండా మాట్లాడేదాన్ని.

"ఏందే, ఇట్ల అరుస్తున్నవ్? శత్రువు పక్క అపార్ట్‌మెంట్ల ఉన్నడా?" అనేది అక్క.

ఒక శనివారం అమ్మతో అక్క చెబుతుంటే విన్నాను. ఆమె అమెరికా సైన్యంలో చేరుతోంది. సోమవారం ట్రైనింగ్‌కి ప్రయాణం. కొన్ని భాషలు వచ్చినవాళ్ళని చేర్చుకుని, తొందరగా సిటిజన్‌షిప్ ఇస్తున్నారట. వాటిలో తెలుగు కూడా ఉందట.

"తెలుగెందుకే వాళ్ళకి? మనవాళ్ళ మీదికి గాని వస్తారా?" అంది అమ్మ. ఇద్దరూ నవ్వారు. తర్వాత అమ్మ గొంతు తగ్గించి, ఇంట్లో చెప్పావా అని అడిగింది. ట్రైనింగ్ అని మాత్రం చెప్పానంది అక్క. అది అబద్ధం కాదు కదా ఆంటీ, అని కూడా అంది.

ఆదివారం సాయంత్రం నేను అక్క గదికి వెళ్ళి, ఇవాళ నేను పక్షం మారుస్తానన్నాను. చర్చలే మంచివని నేను వాదిస్తాను, తను సైన్యం వైపు మాట్లాడాలి. పన్నెండేళ్ళ పిల్లని. అక్కని గెలిస్తే అక్క ఆగిపోతుందని నిజంగా నమ్మాను. నా ముఖం చూసే అక్కకి అర్థమైంది. అయినా మంచం మీద సర్దుతున్న బట్టలు పక్కకి జరిపి కూర్చుంది.

నాకు తెలిసిందంతా చెప్పాను. ఎంత పెద్ద యుద్ధమైనా చివరికి అందరూ ఒక బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడుకోక తప్పదు, ఆ కూర్చునేదేదో అంతమంది చనిపోకముందే కూర్చోవచ్చు కదా అన్నాను. బాంబు వేశాక సారీ చెప్తే అది వెనక్కి రాదన్నాను.

"వెనక బలం లేనోళ్ళ మాట ఎవరింటరే?" అంది అక్క. "అడిగి అడిగి అలసిపోయినోళ్ళు ఏం జెయ్యాలె?"

ఆమె ఏ దేశం గురించో కాదు, తన గురించే మాట్లాడుతోందని ఆ రోజు నాకు తెలియలేదు. "ఇంకోసారి అడగాలి. నో అన్నా మళ్ళీ అడగాలి. నువ్వు వెళ్ళకు అక్కా, ప్లీజ్," అన్నాను. ఆ చివరి మాట డిబేట్‌లోది కాదు.

అక్క నన్ను వెనక్కి తిప్పి తన ముందు కూర్చోబెట్టుకుంది. "నువ్వే గెలిచినవ్. నా దగ్గర జవాబు లేదు," అంది. నా జడ విప్పి మళ్ళీ అల్లింది. నేను గెలిచానన్న సంతోషంతో ఇంటికొచ్చి పడుకున్నాను. పొద్దున లేచేసరికి అక్క వెళ్ళిపోయింది.

ఆ శుక్రవారం స్కూల్లో నా పక్షం నేను మాట్లాడాను. ఇంకా సైనికులని పంపాలి అని గట్టిగా చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. పంపాలి అన్న ప్రతిసారీ, మంచం మీద మడతలు పెట్టిన ఆ బట్టలే నా కళ్ళముందు కనిపించాయి. మరుసటి ఏడాది అక్కని నిజంగానే అఫ్గానిస్తాన్‌కి పంపారు. తిరిగొచ్చిందని, ఎక్కడో దూరపు రాష్ట్రంలో ఉంటోందని ఎవరో అమ్మకి చెప్పారు. మా ఇంటికి మాత్రం రాలేదు, ఫోన్ చేయలేదు. ఏం చూసిందో, ఏం చేసిందో, వాళ్ళమ్మకి ఏమని చెప్పిందో నాకు తెలియదు. ఇప్పటికీ కలలో ఆమె జవాబు లేదంటూ జడ అల్లుతూనే ఉంటుంది. నేను వెనక్కి తిరిగి ముఖం చూడలేను.

వాదనలో గెలవడం వేరు, మనిషిని ఆపడం వేరు అని నాకు నేర్పింది ఆ సాయంత్రమే. నిర్ణయం ఎప్పుడో అయిపోయిన మనిషే అంత మెత్తగా ఓడిపోతుంది. అందుకే నాతో ఎవరైనా చప్పున ఒప్పేసుకుంటే నాకు భయం. ఇప్పుడు మా బాబుకి నాలుగేళ్ళు. పార్క్‌లో ఎవరినో తోసి వస్తే, కొట్టకూడదు నాన్నా, నోటితో చెప్పాలి అంటాను. "ఓకే అమ్మా," అని వెంటనే తలూపుతాడు. అందరూ ఎంత బుద్ధిమంతుడో అంటారు. నేను మాత్రం వాడి పక్కన నేల మీద కూర్చుని, ఎందుకు తోశావో చెప్పు, నాకు టైమ్ ఉంది, అంటాను. వాడు నాతో పోట్లాడటం మొదలుపెట్టేదాకా అక్కణ్ణుంచి లేవను.