మడ చెట్ల మధ్య దారి తప్పిన మధ్యాహ్నం

మా చిన్నప్పుడు... వంశధార సముద్రంలో కలిసే చోటికి కాస్త ఇవతల మా అమ్మమ్మగారి ఊరు. ఏటి నుంచి చీలిన పాయలు మడ చెట్ల మధ్య మెలికలు తిరుగుతూ ఎటెటో పోయేవి. పశువులకి గడ్డి తేవడానికి తాతకి ఓ చిన్న నావ ఉండేది.

ఆ శ్రావణంలో మా పిన్నికి పెళ్ళి. రాజాం సంబంధం. పెళ్ళికూతుర్ని చేసే రోజుకి జడలోకి మొగలిపూలు ఉండాల్సిందేనని పట్టుబట్టింది. మొగలి పొదలేమో పాయల లోపలెక్కడో ఉన్నాయి. తాత సంతకి వెళ్ళాడు. ఇంకేం... నావ తోసే గెడ పట్టుకుని పిన్ని, సత్తు గిన్నె పట్టుకుని నేను! నావ అడుగున చిల్లు ఉండేది, నీళ్ళు తోడిపోయడం నా ఉద్యోగం.

పాయ చీలిన ప్రతిచోటా గుర్తుకి గుడ్డపేలిక కట్టుకుంటూ పోవడం, వచ్చేటప్పుడు విప్పుకోవడం మావాళ్ళ అలవాటు. మేమూ అమ్మమ్మ పాత ఎర్రచీర చింపి పట్టుకెళ్ళాం. అప్పటికి సముద్రం ఆటు మీద ఉండి, పాయల్లో నీరు బాగా తీసి ఉంది. నావలో కూర్చునే, చేతికందిన కొమ్మకల్లా కట్టేశాం. ముళ్ళు గీరుకుపోయినా పూలు దొరికాయి... పిన్ని మొహం చూడాలి అప్పుడు.

తిరిగొస్తుంటే పోటు మొదలైంది. సముద్రం నీరు పాయల్లోకి ఎక్కుతోంది. మొదటి చీలిక దగ్గర పేలిక లేదు. ఎవరైనా విప్పేశారేమో అనుకున్నాం. రెండోచోటా లేదు. పిన్ని గెడ ఆపి చుట్టూ చూసింది. చెట్లు సగానికి మునిగి ఉన్నాయి... మా గుడ్డలన్నీ నీటి అడుగున! తాత నిలబడి, చెయ్యెత్తి, పైకొమ్మకే ఎందుకు కట్టేవాడో అప్పుడు తెలిసింది.

ఓ పాయలోకి వెళ్తే చివర దారి లేదు. వెనక్కొచ్చి ఇంకో దాంట్లోకి వెళ్తే, ఇందాకటి విరిగిన చెట్టే మళ్ళీ ఎదురైంది. గెడకి నేల అందడం లేదు. నేను తోడేదానికంటే చిల్లులోంచి వచ్చేదే ఎక్కువ. నాకు ఈత రాదు... పిన్నికీ రాదు. ఏడుపు లంకించుకున్నాను.

పిన్ని నావని ఓ చెట్టుకి కట్టేసింది. తర్వాత తన ఓణీ తీసి ఓ కొస నా నడుముకి, ఇంకో కొస తన నడుముకి ముడేసింది. ఎందుకని అడిగితే చలికి అంది. నెత్తిన ఎండ మాడ్చేస్తోంది!

"ఏడవకే బొట్టీ, గిన్నె ఆపకు. నీరు తీసినప్పుడు ఏట్లోకే పోతాది. దానెనకాలే మనమూ ఎల్దుం."

"తియ్యకపోతే ఏటి సేద్దుం పిన్నీ?"

పిన్ని నా చేతిలో గిన్నె లాక్కుని తనే తోడడం మొదలుపెట్టింది.

పొద్దు వాలుతుండగా నీరు నిలిచిపోయింది. అటూ పోదు, ఇటూ పోదు... అంత భయం నేను మళ్ళీ ఎప్పుడూ పడలేదు. కాసేపటికి ఓ ఎండుటాకు మెల్లగా కదిలింది. పిన్ని దాని మీంచి చూపు తిప్పకుండానే నావ విప్పింది. నీటి వాలున పోయాం. ఓ మలుపులో, తడిసిన ఎర్రపేలిక కొస నీటిపైకి తేలింది. పిన్ని అప్పుడు ఏడ్చింది... అప్పటిదాకా ఆపుకున్నదంతా.

ఒడ్డున తాత ఎదురుచూస్తున్నాడు. తిడతాడనుకున్నాం, తిట్టలేదు. మా నడుముల ముడి విప్పబోతే తడికి బిగుసుకుపోయి రాలేదు. కత్తితో కోసి, అక్కడే కూలబడిపోయాడు. ఎందుకో పెద్దయ్యాక గానీ నాకు అర్థం కాలేదు. మునిగితే నన్నొక్కదాన్నే ఏటికి వదలకూడదనుకుంది పిచ్చితల్లి.

ఇప్పుడక్కడ అన్నీ రొయ్యల చెరువులే... పాయలు పూడ్చేసి తిన్నగా గట్లు వేసేశారు. మొన్న పిన్నిని స్కూటర్ మీద తీసుకెళ్తే, మనం తప్పిపోయింది ఎక్కడే అని అడిగింది. ఎంత వెతికినా చూపించలేకపోయాను.

మీ ఊళ్ళోనూ ఇలా మాయమైపోయిన నీళ్ళున్నాయా? ఆ నీళ్ళ మీద మీ పక్కన కూర్చుని, ఏడవకు అన్నవాళ్ళెవరు? చెప్పండి... కనీసం ఆ మనుషుల పేర్లయినా ఇక్కడ మిగలనిద్దాం.