హిస్సా కోసం వచ్చినవా?

మా నాన్న పుట్టింది రాయచూరు దగ్గర మట్మారిలో. పెళ్ళికి ముందే రైల్వే ఉద్యోగంతో గుంటూరు వచ్చి, ఇక వెనక్కి వెళ్ళలేదు. ఆయన పోయిన మరుసటి ఏడాది, రాయచూరు దగ్గర కొత్తగా కట్టిన థర్మల్ స్టేషన్‌లో నాకు కెమిస్టు ఉద్యోగం వచ్చింది. బాయిలర్‌లోకి వెళ్ళే నీళ్ళను పరీక్షించే పని.

"అక్కడ మనకెవరున్నారే?" అంది అమ్మ.

"నాన్న తమ్ముడు ఉన్నాడుగా."

అమ్మ నా చీరలు మడతపెట్టింది. ధైర్యంగా అనేశానే గానీ, ఆయన్ని నేనెప్పుడూ చూసింది లేదు.

రాయచూరులో ఒక గది అద్దెకు తీసుకున్నాను. ఇల్లుగల ఆవిడ ఊరడిగితే "మాది మట్మారేనండీ" అన్నాను. ఆవిడ పకపకా నవ్వింది. "మట్మారోళ్ళు గిట్ల మాట్లాడ్తరా? నువ్వు ఆంధ్రదానివి, గంతే!"

ప్లాంటులో అంతా కన్నడం. నాకు అర్థం కాని మాటకు ఎవరు నవ్వినా అది నా గురించేనేమో అనిపించేది. బాయిలర్ సేఫ్టీ వాల్వు తెరుచుకుని ఆవిరి ఒక్కసారిగా గర్జిస్తే మిగతావాళ్ళు టీ తాగుతూనే ఉండేవాళ్ళు. నేను మాత్రం పరీక్షగొట్టాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడిపోయేదాన్ని. వెళ్ళిపోదామని చాలాసార్లు అనుకున్నాను. ఏ ముఖం పెట్టుకుని వెళ్ళాలో తెలియక ఆగాను.

ఒక ఆదివారం బస్సెక్కి మట్మారి వెళ్ళాను. దారంతా ఏం మాట్లాడాలో లోపల వల్లెవేసుకుంటూనే ఉన్నాను. బాబాయి గడప ముందు కూర్చుని తాడు పేనుతున్నాడు. నాన్న పేరు చెప్పగానే ఆయన చేతులు ఆగిపోయాయి. ముక్కూ గడ్డమూ అచ్చం నాన్నవే. చూపులో మాత్రం ఆ చనువు లేదు.

"ఎన్ని దినాలుంటవ్?"

"ఇక్కడే ఉద్యోగం బాబాయ్. రాయచూరులో ఉంటున్నాను."

ఆ మాటతో ఆయన ముఖం ఇంకా ముడుచుకుంది. పిన్ని మంచినీళ్ళిచ్చి, జొన్నరొట్టె, అక్కడ పుంటికూర అనే గోంగూర పెట్టింది. నేను తింటున్నంతసేపూ బాబాయి పొలం గురించే చెప్పాడు. అన్న ఊరిడిచి పోయినంక తానొక్కడే రాళ్ళేరాడట, కట్టలు పోశాడట, కరువులో ఎద్దుల్ని అమ్ముకున్నాడట. ఆయనెందుకు చెబుతున్నాడో బస్సు కదిలాక గాని నాకు తట్టలేదు. ఆస్తి అడగడానికి వచ్చాననుకున్నాడు! దిగి వెనక్కి వెళ్ళి చెబుదామా అనుకున్నాను. అడగని మాటకు జవాబిస్తే అనుమానం ఇంకా పెరుగుతుందేమోనని అలాగే కూర్చుండిపోయాను.

ఒకరోజు మధ్యాహ్నం ప్లాంటు గేటు దగ్గర నుంచి కబురొచ్చింది, మీ ఊరివాళ్ళు వచ్చారని. వెళ్తే బాబాయి, పక్కన తలకు తెల్ల రుమాలు చుట్టుకున్న ఊరి పెద్దమనిషి. ఇద్దరినీ గేటు బయటి టీకొట్టుకు తీసుకెళ్ళాను.

బాబాయి గ్లాసు ముట్టుకోలేదు. "ఈయన ముందర చెప్పు బిడ్డా. హిస్సా కోసం వచ్చినవా?"

"నాకు పొలంలో వాటా వద్దు బాబాయ్."

"ఇయాల వద్దంటవ్. రేపు పెండ్లయినంక నీ మొగుడు అడిగితే?"

"రేపటి సంగతి నాకు తెలీదు. ఈ ఊళ్ళో నాకెవరూ లేరు. పండక్కో పబ్బానికో వచ్చిపోయే ఇల్లొకటి ఉంటే చాలు." పెద్దమనిషి రోడ్డు వైపు తిరిగి చూడసాగాడు.

బాబాయి అడిగాడు. "మీ నాయన మమ్ముల యాది చేస్తుండెనా?"

అవునని ఒక్కమాట అంటే సరిపోయేది. అబద్ధం నోటికి రాలేదు. "ఎవరి పేరూ చెప్పేవారు కాదు. కానీ చివర్లో జ్వరంలో మీలాగే మాట్లాడారు. మాకు సగం అర్థమయ్యేది కాదు."

"ఏమన్నడు?"

"బావిల నీళ్ళున్నయా అని. అదే పదేపదే అడిగేవారు."

బాబాయి భుజం మీది తువ్వాలుతో ముఖమంతా తుడుచుకున్నాడు. చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసి లేచాడు. మాటేమీ ఇవ్వలేదు. "బస్సుకు టైమాయె" అని వెళ్ళిపోయాడు. అంతా చెడగొట్టుకున్నాననే అనుకున్నాను.

చలికాలంలో పిన్ని కబురు పంపింది, ఎళ్ళ అమాసకు రమ్మని. ఆ రోజు అక్కడ ఇంటిల్లిపాదీ వంటలు మూటగట్టుకుని పొలానికి వెళ్ళి, భూమికి పెట్టి, అక్కడే తింటారు. వెళ్తే మళ్ళీ ఏమనుకుంటారో! వెళ్ళకపోతే ఏమనుకుంటారో! తెల్లారేదాకా తేల్చుకోలేక, చివరి నిమిషంలో పరుగెత్తి బస్సెక్కాను.

పొలంలో అడుగు ఎక్కడ వేయాలన్నా జంకే. జొన్నచేను వైపు ఎక్కువసేపు చూస్తే తప్పుగా అనుకుంటారేమోనని తల దించుకుని గట్టు మీదే నిలబడ్డాను. బాబాయి సజ్జరొట్టె, శనగపప్పు కూర పట్టుకుని అక్కడికే వచ్చాడు.

"గట్ల దూరం నిలవడ్తవేంది? వచ్చి అందర్ల కూసో."

వెళ్ళి కూర్చున్నాను. పిన్ని అక్కచెల్లెళ్ళు నా మాట విని నవ్వారు. ఈసారి నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా.

రిటైరయ్యేదాకా ఆ ఉద్యోగంలోనే ఉన్నాను. బాబాయి పొలం మాట మళ్ళీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆయన భయం పూర్తిగా పోయిందని మాత్రం చెప్పలేను. నా పెళ్ళికి వచ్చినప్పుడు అక్షింతలు వేసి, మా ఆయన వైపు చాలాసేపు పరీక్షగా చూశాడు.